ఫోను ఎత్తని వాళ్ల లెక్క

పర్చూరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు. ఇప్పుడు ఆయన వ్యాపకం కాస్త మిరప, కాస్త పత్తి. ఆయన దగ్గరే పదో తరగతి చదివి, గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెబుతున్న లెక్చరర్ మరొకరు. కరోనా కాలంలో పదిహేనేళ్లకూ పాతికేళ్లకూ మధ్య ఉన్నవాళ్ల మీద ఆ మహమ్మారి దెబ్బ ఎంత పడిందో కొలవగలమా అన్న మాట దగ్గర ఇద్దరికీ పొసగలేదు. కొలవొచ్చనీ, కొలవకపోతే ఏ ప్రభుత్వమూ పట్టించుకోదనీ ఆమె వాదన. కొలిచిన వాళ్లు అసలు దెబ్బ తిన్నవాళ్ల గడపే తొక్కలేదని ఆయన వాదన. సంక్రాంతికి ఆమె ఊరొచ్చినప్పుడు మాస్టారి కల్లం దగ్గర సాగిన మాటలివి.

మాస్టారు: సూటిగా అడుగుతానమ్మా. లాక్‌డౌన్ పెట్టేనాటికి మన ఊళ్లో ఒక పదహారేళ్ల పిల్ల ఉంది, ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడున్నాడు. వాళ్లకు ఎంత నష్టం జరిగిందో మీ శాస్త్రం ఒక అంకె వేసి చెబుతుందా?

లెక్చరర్: ఒక్క అంకెతో చెప్పదు మాస్టారూ. చెబుతామన్న వాళ్లుంటే నమ్మకండి కూడా. ఏ నష్టమో ముందు విడదీసుకోవాలి. జబ్బు సోకిందా లేదా అన్నది ఒకటి. దాన్ని బాగానే కొలిచారు. ఐసీఎంఆర్ 2021 జూన్, జులై నెలల్లో చేసిన నాలుగో జాతీయ సీరో సర్వేలో పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనబడ్డాయి. ఆ వయసు వాళ్లకు అప్పటికి టీకాలు మొదలవలేదు. అంటే నూటికి అరవై మంది పిల్లలకు జబ్బు తగిలి వెళ్లిపోయింది, చాలామందికి తెలియను కూడా తెలియలేదు.

మాస్టారు: రక్తం తీస్తే తేలే సంగతి అది. చదువు ఆగడం, పెళ్లి చేసేయడం, మనసు కుంగడం రక్తంలో తేలవు కదా. నా గొడవంతా వాటి గురించే.

లెక్చరర్: వాటినీ కొలిచినవాళ్లున్నారు, అదీ తెలుగు పిల్లల మీదే. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం. హైదరాబాద్‌లోని సెస్ సంస్థ ఇక్కడ భాగస్వామి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న పసివాళ్లను 2,011 మందిని, ఎనిమిదేళ్ల పిల్లల్ని 1,008 మందిని ఎంచుకున్నారు. కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకే వెళ్లి ఎత్తు, బరువు, చదువు, తిండి, పని అన్నీ రాసుకున్నారు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ ఇదే పని చేశారు. 2020లో మళ్లీ ఇళ్లకు వెళ్లాల్సిన సమయానికి కరోనా వచ్చిపడింది. దాంతో ఫోన్లు పట్టుకున్నారు. ఆ ఏడాది జూన్ నుంచి డిసెంబరు లోపు మూడు విడతలుగా మాట్లాడారు. చిన్న జట్టుకు అప్పటికి పంతొమ్మిదేళ్లు, పెద్ద జట్టుకు పాతికేళ్లు దాటాయి. మీరు అడుగుతున్న వయసు దాదాపు అదే.

మాస్టారు: బాగుంది. ఏయే జిల్లాలు?

లెక్చరర్: శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, ఇంకా హైదరాబాద్ నగరం.

మాస్టారు: గుంటూరు లేదు, ప్రకాశం లేదు. రాష్ట్రంలో మిరప ఎక్కువగా పండే నేల, మిర్చి యార్డు ఉన్న నేల, ఆ పుస్తకంలో లేదన్నమాట.

లెక్చరర్: నమూనా అంటే ప్రతి జిల్లా ఉండాలని కాదు కదా మాస్టారూ, మీరే చెప్పేవారు. పేద ఊళ్లు ఎక్కువగా ఉండేలా కావాలనే ఎంచుకున్నారు. రాష్ట్రం మొత్తానికి ఇదే శాతం అని వాళ్లూ అనలేదు. ఆ అధ్యయనం గొప్పతనం వేరే ఉంది. మహమ్మారి రాకముందు అదే పిల్లవాడు ఎలా ఉన్నాడో వాళ్ల దగ్గర రాసి ఉంది. మీరు యార్డుకు టిక్కీలు తోలినప్పుడు ఖాళీ సంచి బరువు తెలియకుండా కాయ బరువు ఎలా తేలుస్తారు? ఆ ఖాళీ సంచి బరువు వాళ్ల దగ్గరుంది. మిగతా సర్వేల్లో చాలావాటికి లేదు.

మాస్టారు: ఒప్పుకుంటాను. కానీ నెలలు చూడు. లాక్‌డౌన్ 2020 మార్చి 25న వచ్చింది. ఆ రోజు మన చేలల్లో ఏముంది? కోతలు ఇంకా సాగుతున్నాయి, కల్లాల నిండా కాయ ఉంది, గుంటూరు యార్డు మూతపడింది. రెండు రోజులకు, 27న, వ్యవసాయ పనులకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది. బడి మూసి ఉంది, చేను తెరిచి ఉంది. పిల్లలు ఎక్కడికి వెళ్లారో వేరే చెప్పాలా? వాళ్లేమో జూన్‌లో ఫోను చేశారు. జూన్‌లో ఇక్కడ మిరప పనే ఉండదు. అక్టోబరు నుంచి పత్తి తీతలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. నా సర్వీసంతా హాజరు పట్టీ చూశాను. సంక్రాంతి సెలవులై బడి తెరిచాక, తొమ్మిదో తరగతిలో వెనక బెంచీలు సగం ఖాళీ. ముఖ్యంగా ఆడపిల్లలవి. ఏ మహమ్మారీ లేని ఏడాది సంగతి ఇది. ఈ నేల మీద పిల్లల్ని కొలవాలంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో రావాలి.

లెక్చరర్: ఇది మంచి మాట. సర్వేలో నెల సంగతి చాలామంది మరిచిపోతారు. అయితే ఫోను చేసినవాళ్లు ఆ రోజు సంగతే అడగలేదు, లాక్‌డౌన్ నాటి నుంచి జరిగినవన్నీ అడిగారు. ఆడపిల్లల మీద ఇంటి చాకిరీ ఎక్కువ పడిందన్న సంగతి ఆ పిలుపుల్లోనే బయటికొచ్చింది. మనసు గురించీ అడిగారు. ఆందోళనకు ఏడు ప్రశ్నలు, కుంగుబాటుకు ఎనిమిది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో చెప్పాలి. అసలు లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. కూడితే అయిదూ ఆపైన వచ్చినవాళ్లు కనీసం కొద్దిపాటి ఆందోళనలో ఉన్నట్టు. పెరూలో నూటికి 41 మంది తేలారు, వియత్నాంలో 9 మంది. మనవాళ్లు ఆ రెండు చివరల మధ్య ఉన్నారు. ఏ దేశంలో చావులు ఎక్కువో అక్కడ ఆందోళనా ఎక్కువ కనబడింది.

మాస్టారు: ఆ ఫోను ఎలా మోగి ఉంటుందో నేను చెబుతాను విను. ఆ పిల్లకు సొంత ఫోను లేదు. వాళ్ల అన్నది. మోగగానే అన్న ఎత్తుతాడు. ఎవరో తెలియని ఆడగొంతు, చెల్లెలితో మాట్లాడాలంటుంది. ‘స్పీకర్లో పెట్టి మాట్లాడు’ అంటాడు. పిల్ల వసారాలో పత్తి మూటల పక్కన నిలబడుతుంది. గుమ్మంలో నాన్న, పొయ్యి దగ్గర అమ్మ. ‘గత రెండు వారాల్లో మీకు కంగారుగా ఎన్ని రోజులు అనిపించింది’ అని అవతల నుంచి ప్రశ్న. పిల్ల అన్న మొహం చూస్తుంది. ‘ఏం లేదండీ, బానే ఉన్నాం’ అంటుంది. ఏడు ప్రశ్నలకు ఏడు సున్నాలు. మీ పట్టికలో ఆ పిల్ల హాయిగా ఉన్నట్టు లెక్క.

లెక్చరర్: అలాంటివి ఉంటాయని తెలిసే, ఒంటరిగా ఉన్నారా, తర్వాత చేయమంటారా అని ఫోను సర్వేల్లో ముందే అడుగుతారు. అయినా కొందరు దాస్తారు. ఒక్కసారి అడిగితే అది లోపమే. ఒకే పిల్లను రెండుసార్లు అడిగామనుకోండి, రెండుసార్లూ ఒకే మోతాదులో దాచినా, మధ్యలో వచ్చిన మార్పు మాత్రం దొరుకుతుంది.

మాస్టారు: ఒకే మోతాదులో ఎందుకు దాస్తుంది? లాక్‌డౌన్‌లో అన్న రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. కాలేజీలు తెరిచాక ఒంగోలు వెళ్లిపోయాడు. అన్న ఉన్నప్పుడు సున్నా చెప్పింది, వెళ్లాక నిజం చెప్పింది. మీ పట్టిక చూసినవాడు ఏమంటాడు? లాక్‌డౌన్‌లో బాగుంది, తెరిచాక కుంగిపోయింది అంటాడు.

లెక్చరర్: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే ఫోను లెక్క మీద ఆగిపోకుండా, తర్వాత మళ్లీ ఇళ్లకు వెళ్లారు. ఇంకో సంగతి కూడా ఉంది. కుంగుబాటుకు మామూలుగా తొమ్మిది ప్రశ్నలుంటాయి. తొమ్మిదోది, చచ్చిపోవాలని అనిపించిందా అన్నది. ఫోను సర్వేలో అది తీసేసి ఎనిమిదే అడిగారు.

మాస్టారు: అసలు అడగాల్సిన ప్రశ్నే తీసేశారా!

లెక్చరర్: ఆ పిల్ల అవునంటే? అవతల ఫోను పట్టుకున్నది ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో. ఆ నిమిషంలో ఆ పిల్ల పక్కకు ఎవరు వెళ్తారు? సాయం చేయలేని చోట ఆ ప్రశ్న అడగకూడదు. కొలతకు మించిన ధర్మం అది. సరే, ఫోను మీకు నచ్చలేదు. మీరు దేన్ని నమ్ముతారు?

మాస్టారు: బడిని నమ్ముతాను. 2019లో మన రాష్ట్రంలో పదో తరగతి 94.88 శాతం పాసయ్యారు. 2022లో 67.26. పరీక్ష రాసిన ఆరు లక్షల పైచిలుకులో రెండు లక్షల మంది ఫెయిలు. ఆ పిల్లలు లాక్‌డౌన్ నాటికి ఎనిమిదో తరగతి. తొమ్మిదిలో బడి సరిగ్గా లేదు. పదిలో ఆగస్టు 16కు గానీ తలుపులు తీయలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఏ ఆక్స్‌ఫర్డూ అక్కర్లేదు.

లెక్చరర్: ఆ రెండు అంకెల మధ్య రెండేళ్లు వదిలేశారు మాస్టారూ. 2020లో, 2021లో పరీక్షలే రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. వరసగా రాయండి: 94.88, నూరు, నూరు, 67.26. దీన్ని తెలియనివాడు చూస్తే మహమ్మారి ముదిరిన రెండేళ్లూ పిల్లలు బ్రహ్మాండంగా చదివారంటాడు. పైగా 2019లో పదకొండు పేపర్లు, 2022లో ఏడు. పేపరు మారింది, అలవాటు తప్పింది, దిద్దుబాటు మారి ఉండొచ్చు. అన్నీ కలిసిన అంకె అది. దాన్నంతా కరోనా ఖాతాలో వేయలేం.

మాస్టారు: ఎంతో కొంత వేయాలిగా.

లెక్చరర్: వేయాలి. ఎంత అన్నదే గదా పేచీ. ఆ ఏడాది రాష్ట్రంలో మొదటి స్థానం ఎవరిదో గుర్తుందా? మన ప్రకాశం జిల్లాదే, 78.30 శాతం. అడుగున అనంతపురం, 49.70. కరోనా రెండు జిల్లాలకూ వచ్చింది, బడులు రెండు చోట్లా ఒకే రోజు మూశారు, ఒకే రోజు తెరిచారు. మధ్యలో ఇరవై ఎనిమిది శాతానికి పైగా తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

మాస్టారు: మా పంతుళ్ల గొప్పతనం!

లెక్చరర్: అదే నిజమైతే 2022లో ఫెయిలైన వాళ్లలో కొందరి బాధ్యత పంతుళ్ల మీద కూడా పడుతుంది, అప్పుడు మీరు ఊరుకోరు. ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. మన పర్చూరు బాపట్ల జిల్లాకు వెళ్లింది. ఇక ప్రకాశం అంకెను ముందూ వెనకా పక్కపక్కన పెట్టి పోల్చలేం. కొలతబద్ద ఒక వైపు, జిల్లా హద్దు ఇంకో వైపు, రెండూ కదిలాయి.

మాస్టారు: సరే, నా సాక్ష్యాన్ని కొట్టేశావు. మరి మీ సర్కారు లెక్క సంగతి చెప్పు. మా ఊళ్లో బీటెక్ చదివిన కుర్రాళ్లు హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసి వచ్చి పత్తి చేలో దిగారు. ఆ ఏడాది దేశంలో నిరుద్యోగం తగ్గిందని పేపర్లో చదివి నా కళ్లు నేనే నులుముకున్నాను.

లెక్చరర్: మీరు చదివింది తప్పు కాదు. కేంద్రం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో, పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లలో నిరుద్యోగం 2018-19లో 17.3 శాతం, 2019-20లో 15, 2020-21లో 12.9. తగ్గుతూ పోయింది. అదే సర్వే అప్పట్లో పట్టణాల్లో మూడు నెలలకోసారి వేరే లెక్క తీసేది. 2020 ఏప్రిల్, జూన్ మధ్య పట్టణ యువతలో నిరుద్యోగం 34.7 శాతం.

మాస్టారు: ఒకే సర్వేలో ఒకటి పాతాళం, ఒకటి ఆకాశం!

లెక్చరర్: ప్రశ్నలు వేరు. పట్టణాల లెక్కలో, గడిచిన వారంలో పని దొరికిందా అని అడుగుతారు. ఏడాది లెక్కలో, గడిచిన మూడు వందల అరవై అయిదు రోజుల్లో మొత్తం మీద ఏం చేశారని చూస్తారు. నాన్న చేలో కూలి లేకుండా పనిచేసినా అది పనే. మీరు చూసిన బీటెక్ కుర్రాడు పత్తి తీశాడు కాబట్టి ఉపాధి ఉన్నవాడు. దేశం మొత్తం పనివాళ్లలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2020-21కి 46.5 అయింది. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన వాటా వెనక్కి తిరిగింది. కరోనా దెబ్బ ఈ అంకెలో కనబడుతుంది. నిరుద్యోగం అంకెలో కనబడదు. అందుకే ఏ అంకె చూడాలో తెలియాలంటాను.

మాస్టారు: మన నేల మీద మహమ్మారి కుర్రాళ్లకు పని పోగొట్టలేదు, వాళ్లు వద్దనుకున్న పని అంటగట్టింది. ఇది నేను ముందు నుంచీ చెబుతున్నదే.

లెక్చరర్: మీరు చెప్పారు, నేను రుజువు తెచ్చాను. రెండూ కావాలి.

మాస్టారు: అయితే పెళ్లిళ్ల సంగతీ తేల్చు. కరోనా ఏళ్లలో చప్పుడు లేకుండా ఎన్ని పెళ్లిళ్లు అయిపోయాయి! పది మందితో తతంగం ముగుస్తుంది, భోజనాల ఖర్చు లేదు, బడి నుంచి అడిగే టీచరు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలోనే ఉంది, మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి అని. సర్వే మీద 2019-21 అని వేశారు. కరోనా కాలమే కదా!

లెక్చరర్: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ సర్వే రెండు దశల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ మొదటి దశలో ఉంది. మన దగ్గర ఇళ్లకు వెళ్లి అడగడం 2019లోనే పూర్తయింది. ఆ 29.3 కరోనాకు ముందు సంగతి. మహమ్మారి ఏం చేసిందో అది చెప్పదు, మహమ్మారి ఎలాంటి ఇంట్లోకి అడుగు పెట్టిందో చెబుతుంది.

మాస్టారు: తర్వాతి విడతలో తేలుతుందిగా?

లెక్చరర్: కొంత. 2023-24 విడతలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వాళ్లను అడిగారు. లాక్‌డౌన్ నాటికి వాళ్లకు పదహారుకూ ఇరవైకీ మధ్య. అందులో పద్దెనిమిది దాటేసిన వాళ్లు సగం పైనే. వాళ్ల బాల్య వివాహం జరిగితే కరోనాకు ముందే జరిగింది. వాళ్లనీ మిగతావాళ్లనీ కలిపి సగటు తీస్తే అసలు దెబ్బ పలచబడిపోతుంది. ఏ ఏడాది పుట్టారన్నది విడదీసి చూడాలి. అమెరికాలో 1918 ఇన్‌ఫ్లుయెంజాను అలాగే పట్టుకున్నారు. డగ్లస్ ఆల్మండ్ అనే ఆర్థికవేత్త 2006లో పాత జనాభా లెక్కలు తిరగేసి, ఆ జబ్బు ముదిరినప్పుడు తల్లి కడుపులో ఉండి 1919లో పుట్టినవాళ్లను వాళ్లకు అటూ ఇటూ పుట్టినవాళ్లతో పోల్చాడు. వాళ్లు చదివింది తక్కువ, సంపాదించింది తక్కువ. ముందస్తు కొలత ఏమీ లేకుండానే, అరవై ఏళ్ల తర్వాతి జనాభా లెక్కల్లో కూడా ఆ మచ్చ కనబడింది.

మాస్టారు: వాళ్లకు జనాభా లెక్కలు ఉన్నాయి. మనకు 2021లో జరగాల్సిన జనాభా లెక్కలే కరోనా మింగేసింది. ఇప్పుడు 2027 మార్చి 1 నాటి లెక్క అంటున్నారు. అప్పటికి నేను చెప్పిన పదహారేళ్ల పిల్లకు ఇరవై మూడు. పెళ్లయి ఏ పిడుగురాళ్లకో, ఏ వినుకొండకో వెళ్లిపోయి ఉంటుంది. కొలిచే తక్కెడను కూడా ఆ జబ్బు ఎత్తుకుపోయిందమ్మా.

లెక్చరర్: ఆలస్యమైంది, పోలేదు. పుట్టిన ఏడాది మారదు కదా. కానీ మీకో జాగ్రత్త చెబుతాను. 2022లో చదువు మానేసిన ప్రతి పిల్లనీ మీరు కరోనా పద్దులో రాయబోతున్నారు. అంతకు ముందటి పంటకాలంలో, 2021-22లో మీ చేలో ఏం జరిగింది?

మాస్టారు: నల్ల తామర పురుగు. పూత మీద పడి నాకేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆ ఏడాది మిరప వేసిన వాళ్లు చాలామంది నడ్డి విరిగి కూర్చున్నారు. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలు ఒక దెబ్బ, మళ్లీ ఏడాదికి పురుగు.

లెక్చరర్: మరి ఆ ఏడాది ఇంటర్ ఆపేసిన పిల్లను కరోనా ఆపిందా, తామర పురుగు ఆపిందా?

మాస్టారు: ...రెండూనూ.

లెక్చరర్: విడదీయొచ్చు మాస్టారూ. తెనాలి, రేపల్లె వైపు వరి ఊళ్లను తీసుకుందాం. కరోనా అక్కడికీ వచ్చింది, బడులు అక్కడా మూశారు. మిరప పురుగు మాత్రం అక్కడికి రాలేదు. 2019కీ 2022కీ మధ్య వరి ఊళ్లలో చదువు మానేసిన వాళ్లు ఎంత పెరిగారో, మిరప ఊళ్లలో ఎంత పెరిగారో చూసి, రెండింటి తేడా తీస్తే పురుగు వాటా తెలుస్తుంది.

మాస్టారు: లెక్క అందంగా ఉంది. నేల మీద నిలవదు. లాక్‌డౌన్‌లో యార్డు మూస్తే నష్టపోయింది మిరప ఊరే. రబీ వడ్లు ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల్లో కొన్నది. అంటే కరోనా కూడా మిరప ఊరికి వేరుగా వచ్చింది. ఆ అప్పు మీద పురుగు పడింది. 2020లో కాయ సకాలంలో అమ్ముడుపోయి ఉంటే, 2022లో పురుగు వచ్చినా ఆ పిల్లను చదివించే ఓపిక ఆ తండ్రికి ఉండేదేమో. ఇందులో ఎంత కరోనా, ఎంత పురుగు? నీ తీసివేతలో ఆ అప్పు ఎవరి వాటాలో పడుతుంది?

లెక్చరర్: పురుగు వాటాలో పడిపోతుంది, నిజమే. అంటే కరోనా దెబ్బను తక్కువ చేసి చూపిస్తాను. మీరు చెప్పిన దాన్ని కొలవాలంటే ఆ ఇంటి అప్పు ఏ నెలలో ఎంత ఉందో కావాలి.

మాస్టారు: ఇంకో మెట్టు కిందికి దిగుదాం. ఈ కల్లంలో తాలు ఏరుతున్న వాళ్లను చూడు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చిన కుటుంబాలు. లాక్‌డౌన్ పెట్టిన రోజు కూడా అలాంటి వాళ్లు మన చేలల్లో గుడారాల్లో ఉన్నారు. వాళ్ల వెంట పదమూడేళ్ల పిల్లలూ ఉన్నారు. బడి పేరు అక్కడ, మనిషి ఇక్కడ. వాళ్లు ఏ జిల్లా లెక్క? అంతెందుకు, 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లాలో మిరప కోతకు వచ్చిన పన్నెండేళ్ల పిల్ల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకుండానే ప్రాణం వదిలింది. పరీక్ష చేస్తే కరోనా లేదన్నారు. నీ సీరో సర్వేలో ఆ పిల్ల లేదు, ఫోను సర్వేలో లేదు, పదో తరగతి ఫలితాల్లో ఎప్పటికీ ఉండదు. కరోనా చావుల్లోనూ లేదు. ఆ పిల్లను చంపింది మాత్రం మహమ్మారే.

లెక్చరర్: దీన్ని కాదనను. జబ్బు చేసిన హాని వేరు, జబ్బు పేరుతో మనం మూసిన తలుపులు చేసిన హాని వేరు. పిల్లల విషయంలో రెండోదే పెద్దది. కానీ ఆ పిల్ల మీకెలా తెలిసింది? పేపర్లో వచ్చింది కాబట్టి. ఒక పిల్ల కథ దేశాన్ని కదిలించింది. అలాంటి పిల్లలు ఎంతమంది అన్న ప్రశ్నకు మాత్రం కథ జవాబు చెప్పలేదు. ‘కొలవలేం’ అని మీరు వదిలేస్తే, ‘ఏమీ జరగలేదు’ అనే వాడికి పని సులువవుతుంది. కొవిడ్‌తో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట 2021లో మన ప్రభుత్వం పది లక్షలు డిపాజిట్ చేస్తామంది. ఎందుకు చేయగలిగింది? అలాంటి పిల్లల్ని లెక్కపెట్టే పద్ధతి ఉంది, సర్టిఫికెట్ ఉంది. చదువు ఆగిన పిల్లకు ఏ సర్టిఫికెట్ ఉంది?

మాస్టారు: లేదు. ఉన్నదల్లా బడిలో అడ్మిషన్ రిజిస్టరు.

లెక్చరర్: అదే అడగబోతున్నాను! అందులో ఏముంటాయి?

మాస్టారు: పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చేరిన తరగతి, వెళ్లిపోయిన తేదీ. టీసీ తీసుకున్నారా, చెప్పకుండా మానేశారా అన్నది కూడా. ఫోను ఉన్నా లేకపోయినా ప్రతి పిల్లా అందులో ఉంటుంది.

లెక్చరర్: అయితే మనకు కావాల్సిన జాబితా నలభై ఏళ్లుగా బీరువాలో ఉంది. హెడ్మాస్టరు అనుమతితో 2016 నుంచి 2023 దాకా పదో తరగతికి రావాల్సిన పిల్లలందరినీ అందులోంచి తీద్దాం. 2016, 17 బ్యాచీలు పద్దెనిమిదేళ్ల వయసుకు ఏం చేస్తున్నాయి, 2021, 22 బ్యాచీలు అదే వయసుకు ఏం చేస్తున్నాయి, ఇదీ పోలిక. ఆల్మండ్ చేసిన పనే, మన మండలంలో. ఫోను వద్దు, ఇంటికే వెళ్దాం. పెళ్లయి వెళ్లిన పిల్లను అత్తవారి ఊళ్లోనే కలుద్దాం, ఆడ విద్యార్థుల్ని పంపిస్తాను, విడిగా కూర్చుని మాట్లాడతారు. అడిగినవాళ్లు ఒప్పుకుంటేనే రాస్తాం. బయటికి పేరు రాదు, పుట్టిన ఏడాది మాత్రమే వస్తుంది.

మాస్టారు: ఎప్పుడు వెళ్తారు?

లెక్చరర్: మీరు చెప్పినట్టే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒకసారి. పని లేని జూన్‌లో ఇంకోసారి.

మాస్టారు: జూన్‌లో మా ఊరొద్దు. కోసిగి వెళ్లండి. సుగ్గి పిల్లలు ఇళ్ల దగ్గర దొరికేది అప్పుడే. మా రిజిస్టర్లో వాళ్లు లేరు గానీ, వాళ్ల ఊరి బడి రిజిస్టర్లో ఉంటారు. రెండూ కలిపితేనే మన మిరప లెక్క పూర్తవుతుంది.

లెక్చరర్: ఒప్పుకున్నాను. అప్పుల సంగతీ చేరుస్తాను. నెలవారీగా గుర్తుండదు, కానీ ఏ పంట ముందు, ఏ పంట తర్వాత అని అడిగితే చెబుతారు.

మాస్టారు: ఇంకొక్క గడి కావాలి. చదువు ఆపమని ఎవరన్నారు? నాన్నా, అన్నా, మేనమామా, తనే వద్దనుకుందా? ఆ పిల్ల మాటల్లోనే రాయాలి.

లెక్చరర్: నాలుగు వందల మంది నాలుగు వందల రకాలుగా చెబుతారు మాస్టారూ. దాన్ని అంకెల్లోకి ఎలా మార్చను? ఒకటి, రెండు, మూడు అని కోడ్ ఇస్తే మీకు నచ్చదు.

మాస్టారు: కోడ్ ఇచ్చుకో, నీ పని అది. కానీ ఆ పిల్ల చెప్పిన మాట చెరపకుండా పక్కనే ఉంచు. రేపెవరైనా నీ కోడ్ తప్పంటే తిరిగి చూసుకోడానికి ఉండాలి.

లెక్చరర్: కాగితం ఖర్చు పెరుగుతుంది.

మాస్టారు: కాగితం నేను కొంటాను. నీ కుర్రాళ్లకు భోజనాలు కూడా మా ఇంట్లోనే. కాకపోతే ఫలితం వచ్చాక ముందు మా ఊరి రచ్చబండ దగ్గర చదవాలి, తర్వాతే గుంటూరు.

లెక్చరర్: అందులో మీ బడి తప్పు కూడా బయటపడితే?

మాస్టారు: అది ముందు చదువు.